ఓర్వలేని మట్టి

మదనపల్లె చుట్టుపక్కల టమోటా తోటలన్నీ మాడిపోయిన ఏడాది పచ్చగా నిలబడింది ప్లాస్టిక్ కప్పు వేసిన ఒకే ఒక్క పాలీహౌస్. దాన్ని నిలబెట్టింది కుముదిని. పేరు మాత్రం ఆమె తోటికోడలు ఝాన్సీకి వచ్చింది.

ఆ ఉదయం కూడా గేటు దగ్గర రైతులు గుంపుగా చేరారు. వాళ్లు అడుగుతున్నది మందు కాదు, విత్తనం కాదు. ఝాన్సీ వచ్చి తమ తోటలో ఒక్క నారుమొక్క నాటి పోవాలట.

"మా చేన్లో ఒక్క మొక్క పెట్టి పోమ్మా, చాలు. బండి నేనే తెస్తా, నేనే దింపుతా," అన్నాడు కండువా తలకు చుట్టుకున్న పెద్దాయన.

"నా చేతిలో ఏముండాది పెదనాయనా? మట్టిలో కలిపిందంతా మా అక్క చేసిన మందు," అంది ఝాన్సీ.

"మందులు మేమూ కొట్టినాం లేమ్మా. కొట్టీ కొట్టీ నడుములు పడిపోయినాయి. ఇది హస్తవాసి. చదివితే వచ్చేది కాదు."

గుంపులో ఎవరో నవ్వారు. పాలీహౌస్ చివర ప్లైవుడ్ గోడలతో కట్టుకున్న చిన్న ల్యాబులో ఉన్న కుముదినికి ఆ నవ్వు స్పష్టంగా వినిపించింది. చేతిలోని గాజుపళ్లెం మూతను అవసరానికి మించి నొక్కింది. అంచు పగిలి వేలికి గుచ్చుకుంది.

చదివితే వచ్చేది కాదట!

రక్తం తుడుచుకుంటూ కిటికీలోంచి చూసింది. ఝాన్సీ తన అరచేతులను అటూ ఇటూ తిప్పి చూపిస్తోంది, వాటిలో ఏమీ లేదన్నట్టు. నవ్వుతోంది. ఆ నవ్వులో గర్వం లేదు. ఉంటే బాగుండేది, మనసారా తిట్టుకోవడానికైనా వీలుండేది.

అన్నిటికంటే మంట పుట్టించే సంగతి వేరే ఉంది. ఆ రైతు అన్నది నిజం. అంతా ఝాన్సీ చేతిలోనే ఉంది. ఎందుకుందో, ఎలా వచ్చిందో ఈ లోకంలో కుముదినికి ఒక్కదానికే తెలుసు.

*

మాడు తెగులు వచ్చిన టమోటా ఆకు, కాలిన పెనం అంచు తగిలినట్టు నల్లబడుతుంది. ఆకు నుంచి కాండానికి, కాండం నుంచి కాయకు దిగుతుంది. చెట్టును పీకి తగలబెట్టినా దాని బీజం మట్టిలో పడుకుని ఉంటుంది. పాలీహౌస్ మట్టి దానికి పుట్టినిల్లు లాంటిది. వెచ్చదనం, తేమ, గాలి కదలని చోటు.

ఎనిమిదేళ్లుగా కుముదిని ఆ మట్టితోనే కుస్తీ పట్టింది. మైక్రోబయాలజీలో డాక్టరేటు తీసుకుని, యూనివర్సిటీ ఉద్యోగం వదులుకుని, అత్తింటి పాలీహౌస్ మూలన ల్యాబు పెట్టుకుంది. మట్టిలో కంటికి కనిపించని జీవులు లక్షల్లో ఉంటాయి. వాటిని పక్కపక్కన పెంచి, పక్కదాన్ని బతకనివ్వని దాన్ని ఏరింది. ఏరిన వాటిని మళ్లీ ఒకదాని మీదికి ఒకటి వదిలింది. ఎండకు చావనిదాన్ని, మందులకు లొంగనిదాన్ని, తన చుట్టూ ఇంకో ప్రాణి ఉంటే ఓర్వలేనిదాన్ని పట్టుకునే దాకా వదల్లేదు. చివరికి గాజుపళ్లెం నడుమ ఒకే ఒక్క మచ్చ మిగిలింది. చుట్టూ అంతా ఖాళీ.

భర్త రఘునాథ్ తొంగిచూసి, "దీనిది ఒంటెద్దు పోకడే!" అన్నాడు. దాని పేరు ఒంటెద్దుగా స్థిరపడింది.

ఒంటెద్దు మాడు తెగులు బీజాన్ని ఆవురావురుమంటూ తినేసింది. తరువాత టమోటా వేరును కూడా తినేసింది. దానికి ముకుతాడు వేయడానికే కుముదినికి ఆ ఎనిమిదేళ్లలో చివరి రెండేళ్లు పట్టాయి.

మనిషి చెమటకు మనిషికో గుణం ఉంటుంది. బెల్లం నీళ్లలో అది నిద్ర లేచిన మొదటి గంటలో ఏ చెమట తాకితే, ఆ చెమటకే లొంగి ఉండేలా ఒంటెద్దును తీర్చింది. ఒక్క మడిలో తాకినా చాలు, ఆ గుర్తు తడి వెంట మళ్లన్నిటికీ పాకుతుంది. ఆ చెయ్యి రోజూ మట్టిని తాకుతున్నంత కాలం అది తెగులును మాత్రమే తింటుంది. ఆ చెయ్యి రాకపోతే కట్టు తెంచుకుంటుంది. వేరే చెయ్యి వస్తే రెచ్చిపోతుంది. ఎవరైనా డబ్బాడు మట్టి దొంగిలించుకుపోయినా వాళ్లకు మిగిలేది కుళ్లిన వేర్లే. తాళం తన చేతిలో ఉంటుంది. ఈ సంగతి భర్తకు కూడా చెప్పలేదు. ఇంట్లో చెబితే మండీలో చాటింపు వేసినట్టేనని ఆమె నమ్మకం.

అక్కడే దెబ్బతింది.

నాట్లు వేసే రోజు తెల్లవారుతుండగానే ఒంటెద్దును బెల్లం నీళ్లలో కలిపి, డ్రిప్పు పైపుల గుండా మళ్లన్నిటికీ వదిలింది. ఇక తన చేతులు మట్టిలో పెట్టడమే మిగిలింది. సబ్బు వాసన కూడా ఉండకూడదు గనక ల్యాబులోకి వెళ్లి, వట్టి నీళ్లతో మోచేతుల దాకా ఓపిగ్గా రుద్దుకుంది.

తిరిగొచ్చేసరికి మొదటి మడి దగ్గర అగరొత్తుల పొగ. అత్త చెంగమ్మ పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని నిలబడింది. ఝాన్సీ మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ మణికట్టు దాకా మట్టిలో దించి, నారుమొక్క చుట్టూ అదుముతోంది. షెడ్డులోని ఉక్కకు ఆమె నుదుటి మీది చెమట చుక్కలు చుక్కలుగా మడిలో రాలుతోంది.

"ఏంది అత్తా ఇది?" కుముదిని గొంతు కీచుగా వచ్చింది.

"దశమి గడియలు దాటిపోతాండాయి అమ్మీ. నువ్వు లోపల చేతులు కడిగిందే కడిగిందిగా ఉంటివి. ఝాన్సీని పెట్టమంటి."

"మొదటి మొక్క పెద్దకోడలు కదా పెట్టాల?"

"పోయిన పంటకు నువ్వే పెడితివి. ఏమాయె? తట్టెడు కాయలు దిగలే." చెంగమ్మ మాటల్లో కోపం లేదు, లెక్క ఒప్పజెప్పినట్టు చెప్పింది. "చదువు వేరు, చెయ్యి వేరు అమ్మీ. పాలు తోడేసినా, పిండి కలిపినా, మొక్క పెట్టినా ఆ పిల్ల చెయ్యే చెయ్యి."

ఝాన్సీ ముఖం ఎర్రబడింది. "నేను వద్దంటానే ఉండా అక్కా, అత్త వినలే. రా, నువ్వు కూడా పక్కన ఒకటి పెట్టు."

కుముదిని పెట్టింది. తలుపు దగ్గరి మడిలో, రెండు చేతులూ దించి. ఇంకా గంట దాటలేదు కదా అన్న ఆశతో.

వారం తిరక్కముందే తలుపు దగ్గరి మడి మొత్తం వాలిపోయింది. పీకి చూస్తే వేర్లు గంజిలా జారుతున్నాయి. మిగతా మళ్లన్నీ కళకళలాడుతున్నాయి. ఎనిమిదేళ్లు తను కడుపులో పెట్టుకుని పెంచిన జీవి, తన చేతినే పరాయిది అనుకుంది.

*

ఆ రోజే చెప్పేయాల్సింది. చెబితే ఏమవుతుంది? ఊరంతా గుడ్డిగా నమ్మేదాన్ని సైన్సు కూడా ఒప్పుకున్నట్టవుతుంది. "చూడండి, ఝాన్సీ చెయ్యి లేకపోతే నా ఎనిమిదేళ్ల కష్టం బూడిదే" అని తన నోటితో తను అనాలి. కుముదినికి నాలుక తిరగలేదు.

"రోజూ పొద్దున్నే తొడుగులు లేకుండా మడిమడికీ మట్టి కదిలించు," అని మాత్రం చెప్పింది.

"అందరికీ తొడుగులు, నాకు వద్దా? ఎందుకక్కా?"

"వేర్లకు గాలి ఆడాల. నీ చెయ్యి మెత్తన."

ఝాన్సీ నమ్మింది. అక్క మెచ్చుకుందని సంబరపడింది కూడా. ఆమె భర్త మధు హోసూరులో ఉద్యోగం చేస్తున్నాడు. పంట దిగాక అక్కడికే కాపురానికి వెళ్లాలని వాళ్ల ఆలోచన. ఈలోగా ఇంట్లో వంటా, షెడ్డులో పనీ, మధ్యలో కుముదిని కూతురు పర్ణిక ఆలనాపాలనా అన్నీ ఆమె మీదే నడిచేవి.

పర్ణికకు ఆరేళ్లు. పిన్ని చేతి ముద్ద తప్ప దిగదు. కుముదిని ఎప్పుడైనా పళ్లెం పట్టుకుంటే నోరు బిగించేది.

"నీ చెయ్యి మందు వాసనొస్తాది మా," అనేది.

"ఏం మందు? మూడుసార్లు కడిగినా!"

"పిన్ని చెయ్యి నెయ్యి వాసన."

ఝాన్సీ కిసుక్కున నవ్వి, "అట్ల అనకూడదు. అమ్మ పెడితే తినాల," అనేది. ఆ నవ్వు, ఆ మంచితనం రెండూ కుముదిని గొంతులో ముల్లులా దిగేవి. పిల్లను ఒప్పించడానికి కూడా ఝాన్సీ సిఫారసే కావాలా? మట్టీ ఆమెదే, అత్తా ఆమెదే, చివరికి కన్నకూతురూ ఆమెదేనా?

ఈ రోజుల్లోనే వంటింట్లో ఒక వింత మొదలైంది.

"ఏం పాలు పోస్తాండాడో వాడు, తోడుకుంటే కదా!" అంటూ చెంగమ్మ గిన్నె వంచి చూపించింది. పెరుగు కాలేదు, విరగలేదు. తోడేసిన పాలు తోడేసినట్టే పల్చగా ఉన్నాయి. మర్నాడూ అంతే. ఇడ్లీకి ఝాన్సీ చేత్తో కలిపిన పిండి ఒక్క బుడగైనా రాకుండా రాయిలా పడి ఉంది. చెంగమ్మ కలిపిన పిండి పొంగి గిన్నె దాటింది.

"ఏమైందే నీ చేతికి?" అంది చెంగమ్మ.

ఝాన్సీ తన చేతులు చూసుకుంది. గోళ్లు పాలిపోయి మెత్తబడ్డాయి. వేళ్ల కొసలు తెల్లగా, నానబెట్టిన మినప్పప్పులా ఉన్నాయి. "ఈ మధ్య వేడి కూడా తెలీడం లే అత్తా. మొన్న దోసెపెనం పట్టుకున్నా, కాలిందని చూస్తే గానీ తెలీలే."

గుమ్మంలో నిలబడిన కుముదినికి ఒళ్లు జల్లుమంది. పాలను పెరుగు చేసేవీ, పిండిని పులియబెట్టేవీ సూక్ష్మజీవులే. అవేవీ ఝాన్సీ చేతి కింద బతకడం లేదంటే ఒకటే అర్థం. ఒంటెద్దు మట్టిలో ఆగలేదు. యజమాని చేతి మీదికి ఎక్కి కాపురం పెట్టింది. అక్కడ ఇంకెవరినీ ఉండనివ్వడం లేదు.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి.

"చెయ్యి చెడిపోయింది పో," అని చెంగమ్మ గొణుక్కుంటూ గిన్నె తీసుకెళ్లి పెరట్లో పారబోసింది. "అమ్మీ కుముదినీ, రేపట్నించి పాలు నువ్వే తోడెయ్."

కుముదిని నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. ఏళ్ల తరబడి కాచుకున్న ఒక చిన్న తియ్యదనం నాలుక మీద కరిగింది. మర్నాడు ఆమె తోడేసిన పెరుగు కత్తితో కోసేంత గట్టిగా పేరుకుంది. ఆ పూట అందరికీ తనే వడ్డించింది.

ఆ ఊపులోనే ఇంకో మాట కూడా అంది. "ఝాన్సీ, నీ గోళ్లు చూస్తే నాకు బాగా అనిపించడం లే. పాపకు నువ్వు పెట్టొద్దు. ఇంకమీద నేనే పెడతా."

ఝాన్సీ చప్పున చేతులు కొంగులో దాచుకుంది. "అంటుకుంటాదా అక్కా?"

"ఏమో. జాగ్రత్తగా ఉంటే తప్పేముంది?"

బిడ్డ క్షేమం కోసమే అన్నానని తనకు తను చెప్పుకుంది. అందులో సగం నిజం ఉంది. ఆ సగాన్నే పట్టుకుని ఆమె హాయిగా నిద్రపోయింది.

*

పర్ణిక మొదట ఏడ్చింది. తర్వాత ఆకలికి తలవంచింది. తల్లి చేతి ముద్దలు ఒక్కొక్కటే మింగుతుంటే, కుముదిని ఆ చిన్న గొంతు కదలడాన్ని కళ్లార్పకుండా చూసేది. వంటింటి తలుపు చాటు నుంచి ఝాన్సీ చూస్తోందని ఆమెకు తెలుసు. అందుకే ఇంకాస్త పెద్దగా పలికేది: "మా బంగారు అమ్మ చేత్తోనే తింటాది, చూడు!"

కొద్దిరోజులకు పిల్ల తిన్నది తిన్నట్టు కక్కడం మొదలుపెట్టింది. తర్వాత కడుపునొప్పి, జ్వరం. మదనపల్లెలో చూపించారు, తగ్గలేదు. తిరుపతి తీసుకెళ్లి పెద్ద ఆసుపత్రిలో చేర్చారు. మందులు మార్చి మార్చి ఇచ్చారు. పిల్ల పక్కమీద వాడిన తీగలా పడి ఉంది.

"పేగుల్లో ఉండాల్సిన మంచి బాక్టీరియా ఒక్కటీ లేదమ్మా. ఏదో ఒకటి అన్నిటినీ తుడిచిపెట్టింది. ఇప్పుడు పేగు గోడను తింటోంది. అదేమిటో మాకు అంతుపట్టడం లేదు," అన్నాడు డాక్టరు.

కుముదినికి అంతుపట్టింది. నెలల తరబడి ఝాన్సీ వేళ్ల నుంచే ఒంటెద్దు బిడ్డ కడుపులోకి చేరిందని అర్థమైంది. కడుపులో ఉన్నది తను ల్యాబులో పెంచిన జీవేనని డాక్టరుకు చెప్పింది. ఝాన్సీ చేతి సంగతి, తను నోరు మూసుకున్న సంగతి మాత్రం చెప్పలేదు. ల్యాబు మట్టి ఎలాగో కడుపులోకి పోయిందంది.

"దానికి విరుగుడు మందేదమ్మా?"

ఏ మందుకూ చావని దాన్నే కదా తను ఏరికోరి పెంచింది! ఆమె తల అడ్డంగా ఊపింది.

సాయంత్రం ఝాన్సీ బస్సు దిగి పరుగున వచ్చింది. మంచం పక్కన కూర్చుని, పర్ణిక పెదవులకు కాస్త జావ వేలితో అద్దింది. పిల్ల చప్పరించింది. ఇంకాస్త అడిగింది. రోజంతా నీళ్లు కూడా నిలవని కడుపులో ఆ జావ నిలిచింది. జ్వరం కూడా కాస్త దిగింది.

"మీరొస్తేనే పాపకు ప్రాణం లేచొచ్చిందే!" అంది నర్సు మెచ్చుకోలుగా.

కుముదిని చివాలున లేచింది. "నీ చేతుల వల్లే దానికి ఈ గతి పట్టింది. ఇంక దాన్ని తాకొద్దు. పో ఇక్కణ్నించి!"

ఝాన్సీ లేచింది. గిన్నె అక్కడే పెట్టి, రెండు చేతులూ వెనక దాచుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ గదిలోంచి వెళ్లిపోయింది.

కుముదిని ఆ గిన్నె తీసుకుని మిగిలిన జావ తనే పెట్టింది. పిల్ల అర్ధగంటలో మెలికలు తిరిగిపోయింది. ఈసారి వాంతిలో రక్తం పడింది.

*

మర్నాడు మధ్యాహ్నానికి కుముదిని, చెంగమ్మను బిడ్డ దగ్గర ఉంచి, ల్యాబుకు వచ్చింది. బిడ్డ కడుపులోంచి తీసిన నమూనాను మైక్రోస్కోపు కింద పెట్టింది. గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు. ఎనిమిదేళ్ల పరిచయం.

దాన్ని చంపే దారి లేదు. లొంగదీసే దారి ఉందా?

ఒక ఆలోచన ఆమె కాలివేళ్ల నుంచి నడినెత్తి దాకా పాకింది. తన అరచెయ్యి కడిగిన నీటి చుక్కను నమూనా మీద వదిలి చూసింది. అప్పటిదాకా నింపాదిగా ఉన్న జీవులు కందిరీగల తుట్టె కదిపినట్టు లేచాయి. పక్కన పెట్టిన పేగు కణాల మీద పడి చీల్చేశాయి.

గోడకు ఝాన్సీ చెమట తుడుచుకునే తువ్వాలు వేలాడుతోంది. దాని మూల తడిపి పిండి, ఇంకో నమూనా మీద ఒక్క చుక్క వేసింది.

అన్నీ ఆగిపోయాయి. తల్లి ఒళ్లో పడుకున్న పిల్లల్లా కదలకుండా.

కుముదిని మైక్రోస్కోపు మీద నుంచి తల ఎత్తలేకపోయింది. ఝాన్సీ పెట్టినన్నాళ్లూ బిడ్డకు ఏమీ కాలేదు. పిన్ని చేతి ముద్దతో పాటు పిన్ని చెమట కూడా కడుపులోకి వెళ్లి, లోపలున్న మృగానికి రోజూ జోకొట్టింది. ఆ చెయ్యి తీయించింది తను. పరాయి చెయ్యి పెట్టింది తను. ముద్ద ముద్దకూ దాన్ని రెచ్చగొట్టింది కన్నతల్లి.

బయట మళ్ల మధ్య ఝాన్సీ మోకాళ్ల మీద కూర్చుని మట్టి కదిలిస్తోంది. కళ్లు వాచి ఉన్నాయి. అంత జరిగినా పొద్దున్నే వచ్చి చెప్పిన పని చేస్తూనే ఉంది.

కుముదిని ఎదురుగా వెళ్లి మట్టిలోనే కూలబడింది. అన్నీ చెప్పింది. ఒంటెద్దు సంగతి, మొదటి చెయ్యి సంగతి, తలుపు దగ్గరి మడి సంగతి. ఝాన్సీ గోళ్లు ఎందుకు మెత్తబడ్డాయో, బిడ్డ ఎందుకు కక్కుతోందో. ఒక్కటీ దాచలేదు.

ఝాన్సీ మట్టి చేతులను ఒడిలో పెట్టుకుని విన్నది. అప్పుడు అడిగింది.

"నా చేతికి ఇట్లయిందని నీకు ఎప్పట్నించి తెలుసక్కా?"

"పెరుగు తోడుకోని రోజు నుంచి."

"అత్త నన్ను అన్ని మాటలంటా ఉంటే నువ్వు పక్కనే ఉంటివి."

"ఉన్నా."

"పాపకు ఏమీ కాకుండా, నాకు ఒక్కదానికే అయ్యుంటే? చెప్పేదానివా?"

ఎండలో పాలీహౌస్ కప్పు టపటపమంది. ఒక్క అబద్ధం చాలు. ఝాన్సీ నమ్మేస్తుంది కూడా. ఆమె నమ్మకం సంగతి తెలిసే కదా ఇన్నాళ్లూ ఆడుకుంది. అయినా కుముదినికి ఆ క్షణంలో అబద్ధం దొరకలేదు.

"చెప్పేదాన్ని కాదు."

ఝాన్సీ లేచింది. దులుపుకోలేదు, ఏడవలేదు. "బండి తియ్యి," అంది. "తిరుపతికి రెండు గంటలకు పైనే పడతాది."

గేటు దగ్గర ఒక్కసారి ఆగి వెనక్కి చూసింది. "నేను పాప దగ్గరుంటే ఇక్కడ మట్టిని ఎవరు పడతారు?"

"ఎవరూ పట్టలేరు," అంది కుముదిని. అప్పటికే రఘునాథ్‌కు ఫోను కలుపుతోంది. "బాయిలరు తెప్పించండి. మళ్లన్నిటికీ ఆవిరి పెట్టించండి. అంగుళం కూడా వదలొద్దు... పంటా? అవును, కాయలతో సహా. దానికి చావున్నది మరిగే ఆవిరిలోనే. ఎందుకో వచ్చి చెప్తా."

అవతల రఘునాథ్ అరుస్తూనే ఉన్నాడు. ఆమె ఫోను పెట్టేసి బండి ఎక్కింది.

ఆసుపత్రి గదిలోకి ఝాన్సీ ఒక్కతే వెళ్లింది. కుముదిని అద్దం అవతల నిలబడింది. డాక్టరు అనుమతించిన గిన్నెలోంచి ఝాన్సీ చిటికెడు చిటికెడుగా వేలితో బిడ్డ నాలుక మీద పెడుతోంది. పర్ణిక మింగింది. కళ్లు తెరిచింది. పిన్ని మెడ చుట్టూ చెయ్యి వేసింది. బిడ్డ బతికిందన్న సంతోషంతో కుముదిని అద్దానికి నుదురు ఆనించింది. ఆ సంతోషం కిందనే, సిగ్గులేకుండా, పాత మంట కూడా భగ్గుమంది. మెడ చుట్టూ ఉన్న ఆ చెయ్యి తన మెడ చుట్టూ ఉండాల్సింది.

*

పర్ణిక కోలుకుంది. ఒంటెద్దు కడుపులోంచి పోలేదు, పోదు కూడా. రోజూ ఝాన్సీ చేతి ముద్ద పడితే బుద్ధిగా ఉంటుంది.

హోసూరులో మధు తీసుకున్న ఇల్లు తాళం వేసే ఉంది. వారానికోసారి అతనే వచ్చి పోతున్నాడు. ఝాన్సీ ఒక్క మాట దెప్పలేదు. కాకపోతే కుముదినిని "అక్కా" అనడం మానేసింది. ఏమైనా కావాలంటే పిల్లతో చెప్పేది: "పర్ణికా, మీ అమ్మను పళ్లెం తెమ్మను." రోజు చివర తను చెమట తుడుచుకున్న గుడ్డలను మడిచి ల్యాబు గుమ్మంలో పెట్టి పోయేది.

ఆ గుడ్డల కోసమే ఇప్పుడు ల్యాబు నడుస్తోంది. ఆవిరి పెట్టిన మళ్లు బోడిగా పడి ఉన్నాయి. కుముదిని వాటివైపు చూడదు. ఏ చేతిని చూసి రగిలిపోయిందో ఆ చేతి చెమటను బొట్టు బొట్టుగా విడదీస్తుంది. అందులో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా గుర్తుపట్టి, గాజు గొట్టాల్లో తయారు చేసి, ఒకదానితో ఒకటి కలిపి చూస్తుంది. ఒంటెద్దు మోసపోదు. మళ్లీ మొదలుపెడుతుంది. ఇప్పుడు ఈ భూమ్మీద ఝాన్సీ చెయ్యి గురించి ఆమెకు తెలిసినంత ఝాన్సీకి కూడా తెలియదు.

వానలు మొదలైన రోజుల్లో ఒక కలయిక కుదిరింది. మైక్రోస్కోపు కింద ఒంటెద్దు కదలకుండా పడుకుంది. తన చెమట చుక్క కలిపి కూడా పదే పదే చూసింది. పడుకునే ఉంది. డాక్టరు కూడా చూసి తల ఊపాడు.

ఆ మధ్యాహ్నం చిన్న సీసాలోంచి నాలుగు చుక్కలు వేళ్లకు రాసుకుని కుముదిని అన్నం కలిపింది. ఝాన్సీ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఇది పనిచేస్తే ఆమె హోసూరు బస్సు ఎక్కవచ్చు. పనిచేయకపోతే ఎప్పటికీ ఎక్కలేదు.

పర్ణిక బడి నుంచి వచ్చి, వానకు తడిసి, నిద్రమత్తులో గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్లు మూతలు పడుతున్నాయి. కుముదిని మొదటి ముద్ద నోటికి అందించింది. పిల్ల నమిలింది. మింగింది. ఇద్దరు ఆడవాళ్లూ ఊపిరి బిగబట్టి చూశారు. రెండో ముద్ద, మూడో ముద్ద. కడుపు కదల్లేదు. నుదురు చల్లగానే ఉంది.

గుమ్మంలో ఝాన్సీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పనిచేసింది అక్కా," అంది గుసగుసగా. ఆ మాట ఆమె నోట ఎన్ని రోజులకు వచ్చిందో!

కుముదిని తల తిప్పేలోపే పర్ణిక కళ్లు తెరవకుండానే ముద్ద పెట్టిన చేతిని రెండు చేతులతో పట్టుకుంది. వేళ్లను ముక్కు దగ్గరికి లాక్కుని వాసన చూసింది. ముఖమంతా నవ్వు పరుచుకుంది.

"ఇంగో ముద్ద పెట్టు పిన్నీ," అంది.

కుముదిని దిద్దలేదు. ఇంకో ముద్ద కలిపి పెట్టింది.